పిల్లల థెరపీకి ఎటు వెళ్లాలి: సిటీ సెంటరా, డైస్ కేంద్రమా, భవితా, ఇంటికొచ్చే కార్యకర్తా?

మా వాడికి ఇప్పుడు తొమ్మిదేళ్లు. ఎనిమిదో నెలలోనే పుట్టాడు, ఏడాది నిండినా మెడ గట్టిగా నిలవలేదు, పదిహేనో నెలలో సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని ఒంటి కదలికలు అదుపులో లేకపోవడం) అని చెప్పారు. మాది నల్గొండ జిల్లాలో ఒక మండల కేంద్రానికి ఆనుకుని ఉన్న ఊరు. ఈ ఎనిమిదేళ్లలో హైదరాబాద్‌లో ప్రైవేటు సెంటర్, జిల్లా ఆస్పత్రి, సికింద్రాబాద్‌లోని జాతీయ సంస్థ, మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రం, ఇంటికి వచ్చి నేర్పే కార్యకర్త, అన్నీ చూశాం. అందుకే చుట్టుపక్కల ఎవరింట్లో ఇలాంటిది బయటపడినా నాకు ఫోన్ వస్తుంది. "అక్కా, ఎక్కడ చూపిస్తే మంచిది?" అని. ఫోన్లో పది నిమిషాల్లో చెప్పలేక, మధ్యలో ఏడుపొచ్చి ఇద్దరం ఆగిపోయి, చెప్పాల్సింది సగం మిగిలిపోతోంది. అందుకని అంతా ఇక్కడ రాస్తున్నాను. ఆటిజం, డౌన్ సిండ్రోమ్, బుద్ధిమాంద్యం, మాట ఆలస్యం, ఏదైనా సరే ఎంచుకునే దారులు దాదాపు ఇవే.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. వారానికి మూడు గంటల థెరపీ అనుకోండి. వారంలో ఉన్నవి 168 గంటలు. మిగతా 165 గంటలు పిల్లవాడు మన చేతుల్లోనే ఉంటాడు, తింటాడు, స్నానం చేస్తాడు, పడుకుంటాడు. కాబట్టి ఎవరు మా పిల్లాడికి బాగా చేస్తారు అని వెతికే ముందు, ఎవరు మాకు నేర్పుతారు అని వెతకండి. కింద ప్రతిదాన్నీ నేను ఈ కొలతతోనే కొలిచాను.

సిటీలో ప్రైవేటు సెంటర్

మేము మొదట చేసింది ఇదే, అందరూ చేసేదీ ఇదే. డాక్టర్ సమస్య పేరు చెప్పగానే భయంలో ఉన్నదంతా అమ్మి సిటీకి పరిగెడతాం. మేము హైదరాబాద్‌లో ఒక గది అద్దెకు తీసుకుని పద్నాలుగు నెలలు ఉన్నాం. సెషన్ 45 నిమిషాలు, 700 రూపాయలు, వారానికి ఐదు. మా ఆయన ఊళ్లో, నేనూ బాబూ అక్కడ. వాణ్ణి లోపలికి తీసుకెళ్లి తలుపేసేవారు, నేను బయట బెంచీ మీద మిగతా తల్లులతో పాటు ఫోన్ చూసుకుంటూ కూర్చునేదాన్ని. లోపల ఏం చేస్తున్నారో తెలియదు. వాడు ఏడుస్తుంటే వినపడేది. అడిగితే "ఇంప్రూవ్ అవుతున్నాడు మేడం" అనేవారు. ఈ పద్నాలుగు నెలల్లో ఒక్కరు కూడా వాడు ఎలా తింటాడు, ఎలా నిద్రపోతాడు, ఇంట్లో ఎలా కూర్చోబెడతారు అని అడగలేదు. డబ్బులైపోయి ఊరికి వచ్చేశాక, ఇంట్లో ఏం చేయాలో నాకు ఒక్కటంటే ఒక్కటి తెలియదు. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

అలాగని ప్రైవేటు అంతా చెడ్డదని అనను. మంచి స్పీచ్ థెరపిస్టులు, రోజువారీ పనులు నేర్పే ఆక్యుపేషనల్ థెరపిస్టులు ఎక్కువమంది సిటీల్లోనే ఉన్నారు, అపాయింట్‌మెంట్ కూడా త్వరగా దొరుకుతుంది. వెళ్లేవాళ్లు కొన్ని చూసుకోండి. మొదటిది తలుపు. అమ్మానాన్నల్ని లోపలికి రానిస్తారా లేదా? ఒకటి రెండు సెషన్లు పిల్లలు అలవాటు పడేదాకా బయట ఉండమంటే అర్థం ఉంది, ఎప్పటికీ వద్దంటే మాత్రం వేరే చోటు చూసుకోండి. రెండోది, వచ్చే మూడు నెలల్లో ఏం సాధించాలనుకుంటున్నారో కాగితం మీద రాసివ్వమనండి. "నడిపిస్తాం", "మాటలు తెప్పిస్తాం" లాంటివి కాదు, "గోడకు ఆనుకుని ఐదు నిమిషాలు కూర్చోవడం", "నీళ్లు కావాలంటే వేలితో చూపించడం" లాంటివి. మూడోది అర్హత. స్పీచ్ థెరపిస్టులు, స్పెషల్ ఎడ్యుకేటర్లు, క్లినికల్ సైకాలజిస్టులు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్టర్ అయి ఉండాలి, వాళ్లకు ఒక నంబరు ఉంటుంది, అడగడానికి మొహమాటపడొద్దు. ఫిజియోలు ఆ కౌన్సిల్ కిందికి రారు, వాళ్లనైతే డిగ్రీ అడగండి.

ఆరు నెలల ప్యాకేజీ డబ్బు ముందే కట్టమంటే కట్టొద్దు. పూర్తిగా నయం చేస్తామని ఎవరన్నా చెబితే లేచి వచ్చేయండి. ముఖ్యంగా ఆటిజం పిల్లల తల్లిదండ్రులకు చెబుతున్నాను, స్టెమ్ సెల్స్ ఎక్కిస్తే తగ్గుతుందని లక్షలు అడిగేవాళ్లున్నారు. ఆటిజానికి ఆ వైద్యం వద్దని నేషనల్ మెడికల్ కమిషన్ 2022లోనే చెప్పింది. ఆ డబ్బుంటే ఇంటి దగ్గర ఎన్నేళ్ల థెరపీ వస్తుందో లెక్కేసుకోండి.

జిల్లా ఆస్పత్రిలో డైస్ కేంద్రం

దీని పూర్తి పేరు జిల్లా సత్వర చికిత్స కేంద్రం, ఇంగ్లీషులో డీఈఐసీ, వాడుకలో డైస్. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పెట్టారు. అంగన్‌వాడీలకూ ప్రభుత్వ బడులకూ పిల్లల్ని పరీక్షించే వైద్య బృందాలు వ్యాన్‌లో వస్తాయి చూశారా, వాళ్లు సమస్య ఉందనుకున్న పిల్లల్ని పంపేది ఇక్కడికే. పిల్లల డాక్టర్, ఫిజియో, వినికిడి మాట చూసేవాళ్లు, కంటి పరీక్ష, సైకాలజిస్టు, అందరూ ఒకే కప్పు కింద ఉండాలన్నది దీని ఉద్దేశం. పైసా ఖర్చు లేదు.

అన్ని పోస్టులూ నిండి ఉన్న కేంద్రమైతే ఆరేళ్లలోపు పిల్లలకు మొదట వెళ్లాల్సిన చోటు ఇదేనని నా గట్టి నమ్మకం. పుట్టగానే ఎస్ఎన్‌సీయూలో (పసికందుల ప్రత్యేక వార్డులో) ఉండి వచ్చిన పిల్లల్ని, చూడటానికి ఏ తేడా లేకపోయినా, ఒకసారి తీసుకెళ్లి చెవులు, కళ్లు, ఎదుగుదల చూపించండి. మేము అప్పుడే వెళ్లి ఉంటే మాకు ఏడాది కలిసొచ్చేది. ఇబ్బంది ఏంటంటే కొన్నిచోట్ల స్పీచ్ పోస్టు ఖాళీగా ఉంటుంది, కొన్నిచోట్ల ఒకే ఫిజియో రోజంతా క్యూ చూస్తారు. అందుకని ఫోన్ చేసి ఏ రోజు ఎవరుంటారో కనుక్కుని వెళ్లండి. వారానికి మూడుసార్లు థెరపీకి జిల్లా కేంద్రానికి తిరగడం పల్లెటూరివాళ్లకు కష్టం. పరీక్షలకు, ఆపరేషన్ అవసరమైతే పై ఆస్పత్రికి రాయించుకోవడానికి, ఇంట్లో చేసేవి నేర్చుకోవడానికి నెలకోసారి వెళ్తే చాలు.

జాతీయ సంస్థలు

మనకు రెండు దగ్గరగా ఉన్నాయి. ఒకటి సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ల కోసం 1984లో పెట్టిన సంస్థ, ఇప్పుడు నీపిడ్ అంటారు, పాతవాళ్లు ఇంకా ఎన్ఐఎంహెచ్ అనే అంటారు. రెండోది నెల్లూరులోని సీఆర్‌సీ, అంటే వికలాంగుల పునరావాస కేంద్రం. ఆరేళ్లలోపు పిల్లల కోసం 2021లో ఈ రెండుచోట్లా ప్రత్యేకంగా సత్వర చికిత్స కేంద్రాలు తెరిచారు. ఇక్కడ అసెస్‌మెంట్ నిదానంగా, పద్ధతిగా చేస్తారు. పిల్లాడు ఏం చేయగలడు, తర్వాతి మెట్టు ఏంటి, ఇంట్లో ఏం చేయాలి అన్నది విడమరిచి చెబుతారు. మేము ఆరు నెలలకోసారి వెళ్తాం, అంతకంటే ఎక్కువ అక్కర్లేదు. దూరం నుంచి వచ్చేవాళ్లు కొన్ని రోజులు ఉండి నేర్చుకోవడానికి నీపిడ్‌లో కుటుంబాలకు వసతి కూడా ఉంది, ముందుగా అడగాలి. మొదటిసారి వెళ్తే రోజంతా పడుతుంది, పిల్లాడికి తిండి, బట్టలు సరిపడా తీసుకెళ్లండి.

భవిత కేంద్రం

చాలామందికి ఇది తమ మండలంలో ఉందని కూడా తెలియదు, అదే నాకు అన్నిటికంటే బాధ. ప్రభుత్వ బడుల పథకం సమగ్ర శిక్ష కింద నడుస్తుంది, సాధారణంగా ప్రభుత్వ బడి ఆవరణలోనే ఉంటుంది. ఇలాంటి పిల్లలకు చెప్పడానికే పెట్టిన టీచర్లు (ఐఈఆర్‌పీలు) ఉంటారు, ఫిజియో వారానికి ఒక రోజు వస్తారు. బడిలో పేరుండి హాజరు పడితే రవాణా భత్యం, వెంట వచ్చేవాళ్లకు ఎస్కార్ట్ భత్యం ఇస్తారు. కదల్లేని పిల్లలకైతే టీచర్లే ఇంటికొచ్చి చెబుతారు, చాలాచోట్ల శనివారాలు వస్తారు.

మేము సిటీ నుంచి తిరిగొచ్చాక మా ఆడపడుచు చెబితే వెళ్లాం. నాకు పెద్దగా ఆశ లేదు, రెండు గదులు, గోడలకు బొమ్మలు, ఒక పాత మ్యాట్. ఫిజియో సార్ వాణ్ణి ముట్టుకోకముందే నన్ను అడిగారు, "ఇంట్లో బాబును ఎలా ఎత్తుకుంటారమ్మా?" చూపించాను. రెండు చేతుల మీద పసిపిల్లాడిలా అడ్డంగా, కాళ్లు రెండూ దగ్గరికి చేర్చి. వాడి కాళ్లు అప్పటికే కత్తెరలా ఒకదాని మీద ఒకటి పడుతుండేవి. ఆయన వాణ్ణి తీసుకుని నా చంకన కూర్చోబెట్టారు, చెరో కాలు చెరోపక్కకు. "ఇలాగే ఎత్తుకోండి. ఇంట్లో ఎవరెత్తుకున్నా ఇలాగే. రోజుకు ఎన్నిసార్లు ఎత్తుకుంటారు?" ఇరవై సార్లైనా ఉంటుందన్నాను. "అయితే రోజుకు ఇరవై సార్లు ఆ కాళ్లు తెరుచుకుంటాయి కదమ్మా" అన్నారు. పక్కనున్న మా అత్తమ్మ, "నేను మొదట్నించీ అదే చెప్తున్నా, చంకనేసుకోమని" అంది. నిజమే, చెప్పింది. మేమే పాత పద్ధతని వినలేదు. ఆ తర్వాత బొంతను గట్టిగా చుట్టి తాళ్లు కట్టి, దాని మీద గుర్రంలా కూర్చోబెట్టి ఆడించడం నేర్పారు. రూపాయి ఖర్చు లేదు, ఇంట్లో ఉన్న బొంతే.

తక్కువలూ ఉన్నాయి. ఫిజియో ఒక్కరోజే, స్పీచ్ చాలాచోట్ల ఉండదు, టీచర్ బదిలీ అయితే మళ్లీ మొదటికొస్తుంది. ఆటిజం పిల్లలకు కావాల్సినంత అనుభవం అందరు టీచర్లకూ ఉండదు. అయినా పిల్లాడు రోజూ బయటికొచ్చి, నలుగురు పిల్లల మధ్య కూర్చుని, తన పేరు హాజరు పట్టీలో పిలిస్తే తలెత్తడం అనేదానికి వేరే ఏ సెంటరూ సాటిరాదు. ఇంకో మాట, 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న 6 నుంచి 18 ఏళ్ల పిల్లలకు దగ్గర్లోని బడిలో గానీ, తాము కోరుకున్న ప్రత్యేక పాఠశాలలో గానీ ఉచితంగా చదువుకునే హక్కుంది. బడివాళ్లు "మాకు కుదరదు" అంటే ఈ సంగతి గుర్తు చేయండి.

ఇంటికొచ్చే కార్యకర్త, ఊరి సంఘం

దీన్నే సమాజ ఆధారిత పునరావాసం అంటారు. ప్రాథమిక వైద్యం మీద 1978లో జరిగిన ఆల్మా-ఆటా సదస్సు తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ ముందుకు తెచ్చిన పద్ధతి. నిపుణుల దగ్గరికి అందరూ వెళ్లలేరు కాబట్టి ఊళ్లోనే ఒకరికి శిక్షణ ఇచ్చి, వాళ్లను ఇళ్లకు పంపి, కుటుంబానికి నేర్పించడం. మన దగ్గర అనంతపురంలో ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ ఏళ్ల తరబడి ఊరూరా వికలాంగుల సంఘాలతో ఇలా పనిచేసింది. ఉమ్మడి రాష్ట్రంలో వెలుగు పథకం కింద ఏర్పడ్డ మండల వికలాంగుల సమాఖ్యలు కొన్నిచోట్ల ఇప్పటికీ కదులుతున్నాయి, మీ మండలంలో అడిగి చూడండి.

"డిగ్రీ లేనివాళ్లు ఏం చేస్తారులే" అని నేనూ అనుకున్నాను. మా ఇంటికి ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున వచ్చిన అమ్మాయి ఇంటర్ చదివింది. మొదటి రోజే "అక్కా, తినిపించే టైముకు వస్తా" అని మధ్యాహ్నం ఒంటిగంటకు వచ్చింది. నేను వాణ్ణి ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టి, మెత్తగా పిసికిన అన్నం నోట్లో పెడుతున్నాను, వాడు దగ్గుతున్నాడు, నేను ఆగుతున్నాను, మళ్లీ పెడుతున్నాను. రోజూ గంట పట్టేది, వాడూ నేనూ ఇద్దరం ఏడ్చేవాళ్లం. ఆ అమ్మాయి వాణ్ణి గోడ మూలకు ఆనించి నిటారుగా కూర్చోబెట్టింది, తల వెనక్కి వాలకుండా కొంచెం ముందుకు వంచింది, నన్ను వాడి ఎదురుగా కింద కూర్చోమంది. చెంచా పైనుంచి కాకుండా ఎదురుగా, గడ్డం ఎత్తులో తెమ్మంది. ముద్ద పెట్టాక వాడు మింగేదాకా ఆగమంది. ఆ రోజు దగ్గు రెండుసార్లే వచ్చింది. నెల తిరిగేసరికి అరగంటలో తినేవాడు. తర్వాత ప్లాస్టిక్ కుర్చీకి పాత చున్నీ కట్టి, కాళ్ల కింద పీట పెట్టి వాడికి కుర్చీ తయారుచేసింది. ఏ సెంటర్లోనూ మా వంటింట్లో పీట ఉందని ఎవరికీ తెలియదు కదా.

ఆటిజానికి కూడా ఇలాంటిది పనిచేస్తుందా అంటే, గోవాలోనూ పాకిస్తాన్‌లోని రావల్పిండిలోనూ పరిశోధన చేసి చూశారు. స్పెషలిస్టులు కాని కార్యకర్తలు 12 సెషన్లలో తల్లిదండ్రులకు పిల్లలతో ఎలా ఆడాలో, ఎలా స్పందించాలో నేర్పితే, తల్లీబిడ్డల మధ్య సంభాషణ మెరుగుపడింది.

కానీ ఈ దారిలో రెండు చూసుకోవాలి. ఆ కార్యకర్త పని మీద ఎవరో ఒక ఫిజియో గానీ థెరపిస్టు గానీ అప్పుడప్పుడు కన్నేసి ఉంచాలి, లేకపోతే అందరు పిల్లలకూ ఒకే కసరత్తు చేయించేస్తారు. రెండోది, సంస్థకు నిధులు ఆగితే కార్యకర్త రావడం ఆగుతుంది. మాకూ అలాగే ఆగింది. కానీ ఆ అమ్మాయి నేర్పింది మా దగ్గరే ఉండిపోయింది.

అమ్మానాన్నల గుంపు

దీన్ని చాలామంది థెరపీ లెక్కలో వేయరు, నేను వేస్తాను. మేము మా మండలంలో ఏడుగురు తల్లులం నెలకోసారి భవిత దగ్గర కలుస్తాం. ఏ డాక్టర్ ఓపికగా వింటాడు, వైకల్య ధ్రువపత్రం కోసం పరీక్షించే సదరం క్యాంపు ఎప్పుడు, నడుం నొప్పి రాకుండా పెద్ద పిల్లాణ్ణి ఎలా లేపాలి, పెద్ద కూతురు "నన్నెప్పుడూ పట్టించుకోరు" అంటే ఏం చెప్పాలి, ఇవన్నీ నాకు అక్కడే తెలిశాయి. నాన్నల్ని కూడా రమ్మనండి, ఇద్దరొచ్చినా చాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కుటుంబాల కోసం తయారుచేసిన శిక్షణ కూడా ఇలాగే ఉంటుంది, తొమ్మిది గుంపు సెషన్లు, మూడుసార్లు ఇంటికి రావడం. "నీ పాపమే ఇలా పుట్టింది" అని ఎవరన్నా అన్న రోజు ఫోన్ చేయడానికి ఒక మనిషి ఉండాలి. దేశం మొత్తం మీద ఇలాంటి తల్లిదండ్రుల సంఘాల సమాఖ్య పరివార్, 1995 నుంచి ఉంది.

మరి ఎవరికి ఏది?

మూడేళ్లలోపు పిల్లలైతే డైస్ కేంద్రానికి ఈ వారమే వెళ్లండి. డాక్టర్లు సమస్యకు పేరు పెట్టేదాకా, వైకల్య సర్టిఫికెట్ వచ్చేదాకా ఆగొద్దు, థెరపీకి సర్టిఫికెట్ అక్కర్లేదు. పల్లెలో ఉండి బాబు గానీ పాప గానీ నడవలేని స్థితిలో ఉంటే భవితను గట్టిగా పట్టుకోండి, ఏడాదికి రెండుసార్లు జాతీయ సంస్థకు వెళ్లండి. సిటీలో ఉండి రెండు మూడేళ్ల ఆటిజం పిల్లలున్నవాళ్లకు మంచి ప్రైవేటు థెరపిస్టు వారానికి ఒకటి రెండు సెషన్లు చాలు, మీరు లోపల కూర్చోవాలి, మిగతాది ఇంట్లో ఆటలో కలపాలి. ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లేవాళ్లైతే పగలు పిల్లల్ని చూసుకునే అమ్మమ్మనో నానమ్మనో సెషన్‌కు తీసుకెళ్లండి, నేర్చుకోవాల్సింది వాళ్లే. పదేళ్లు దాటిన పిల్లలకైతే కసరత్తుల కంటే తన పని తాను చేసుకోవడం మీద దృష్టి పెట్టే చోటు చూడండి, స్నానం, బట్టలు, బాత్‌రూమ్, డబ్బులు గుర్తుపట్టడం. సిటీకి మకాం మార్చడం మాత్రం, ఇంట్లో సంపాదించే మనిషి ఒక్కరే అయితే, నేను వద్దనే చెబుతాను.

డబ్బు సంగతి క్లుప్తంగా. తెలంగాణలో మీ సేవలో, ఆంధ్రలో సచివాలయంలో అడిగి వైకల్య ధ్రువపత్రం, యూడీఐడీ కార్డు (దేశమంతా చెల్లే వికలాంగుల గుర్తింపు కార్డు) తెచ్చుకోండి. వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటే పిల్లలకైనా పెన్షన్ వస్తుంది, తెలంగాణలో నెలకు 4,016, ఆంధ్రలో 2024 జులై నుంచి 6,000, పూర్తిగా మంచానికే పరిమితమైనవాళ్లకు 15,000. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం ఉన్నవాళ్లకు కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమా ఉంది, ఏడాదికి లక్ష రూపాయల దాకా, థెరపీ ఖర్చుకు కూడా కొంత వస్తుంది, అందుకే ప్రతి బిల్లూ దాచండి. రెండు రాష్ట్రాల్లోనూ ఇప్పుడు ఆడవాళ్లకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు, డైస్‌కు తిరిగే తల్లులకు అది చిన్న సాయం కాదు.

కొన్ని విషయాల్లో మాత్రం ఏ కార్యకర్తా, ఏ భవితా చాలదు, నేరుగా పెద్ద డాక్టర్ దగ్గరికే వెళ్లాలి. ఏడాదిలోపు పసిపిల్లలు నిద్ర లేచిన వెంటనే తల ఒక్కసారి ముందుకు వాల్చి చేతులు జాడించడం, అలా వరుసగా చాలాసార్లు చేస్తుంటే అది ఉలికిపాటు అనుకోవద్దు, ఫోన్లో వీడియో తీసి ఆ రోజే పిల్లల న్యూరాలజిస్టుకు చూపించండి. తింటున్నప్పుడు ఊపిరి అందక నీలంగా మారితే, మాటిమాటికీ నెమ్ము చేస్తుంటే, వచ్చిన మాటలు పోతుంటే కూడా అంతే. సెరిబ్రల్ పాల్సీ ఉండి నడవలేని పిల్లలకు తుంటి ఎముక మెల్లగా పక్కకు జరుగుతుంది, నొప్పి వచ్చేదాకా తెలియదు, అందుకని తుంటి ఎక్స్‌రే ఎప్పుడెప్పుడు తీయాలో ఎముకల డాక్టర్‌ని మీరే అడగండి, వాళ్లు చెప్పేదాకా ఆగొద్దు.

ఎక్కడికి వెళ్లినా మొదటిసారి పుట్టినప్పటి డిశ్చార్జ్ కాగితం, ఇంట్లో తింటున్నప్పుడు, ఆడుతున్నప్పుడు, కూర్చున్నప్పుడు తీసిన మూడు చిన్న వీడియోలు తీసుకెళ్లండి, కొత్త చోట పిల్లలు బిగుసుకుపోయి ఏమీ చేయరు. లేచి వచ్చేముందు "ఇవాళ ఇంటికెళ్లి నేను ఏం చేయాలి?" అని అడగండి. నోటితో చెప్పి వదిలేస్తే ఊరుకోవద్దు, అక్కడే ఆ మ్యాట్ మీద ఒకసారి మీ చేతులతో చేయించి, సరిగ్గా చేస్తున్నారో లేదో చూసి చెప్పమనండి.